ఫోను చెయ్యి మారే ముందు: వాలెట్‌లోంచి కార్డు తీసేయడం ఎలా

రావులపాలెంలో మాది చిన్న మొబైల్ రిపేరు షాపు. అరటి మార్కెట్‌కి వచ్చే రైతులు, గెలలు ఎత్తే కూలీలు, లారీ డ్రైవర్లు, ఇటు అమలాపురం అటు తణుకు వెళ్లే బస్సు కోసం ఆగినవాళ్లు, అందరూ వస్తుంటారు. వానాకాలంలో తడిసిన ఫోన్లు, ఏడాది పొడుగునా పగిలిన డిస్‌ప్లేలు, పండగల ముందు ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చే పాత ఫోన్లు మా దగ్గరికి చేరతాయి. పాత ఫోను కౌంటరు మీద పెట్టి "అన్నీ తీసేశానండి" అంటారు. వాళ్ల ముందే తెరిచి చూస్తే, డబ్బులు కట్టే యాప్‌లో, అంటే వాలెట్‌లో, సేవ్ చేసిన బ్యాంకు కార్డు చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఎవరో ఒకరికి రోజూ చెబుతున్న సంగతే కాబట్టి, ఒకసారి వివరంగా రాస్తే పదిమందికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మొన్న అంబాజీపేట నుంచి ఒక పిన్నిగారు వచ్చారు. వాళ్లబ్బాయి కువైట్‌లో ఉంటాడు. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు తన డెబిట్ కార్డు అమ్మ ఫోనులో పెట్టి, కరెంటు బిల్లు, గ్యాసు, రీఛార్జి అన్నీ ఇందులోంచే కట్టుకో అని చెప్పి వెళ్లాడట. ఇప్పుడు ఆ ఫోను భీమవరంలో కాలేజీలో చేరుతున్న మనవరాలికి ఇస్తున్నారు. స్క్రీన్ గార్డు మార్చమని తెచ్చారు. పైట చెంగుతో ఫోను తుడిచి నా చేతికిస్తూ, "డబ్బులు కట్టే యాప్ తీసి పారేశాను బాబూ, ఇంక భయం లేదు" అన్నారు.

"ఒకసారి చూద్దామండీ" అని ఆవిడ చేతే ఆ యాప్ మళ్లీ వేయించాను. ఆవిడ నెంబరు కొట్టారు, ఓటీపీ ఆవిడ సిమ్‌కే వచ్చింది, లోపలికి వెళ్లాం. పేమెంట్ మెథడ్స్ అన్నచోట నొక్కగానే బ్యాంకు పేరు, చుక్కలు చుక్కలుగా ఉన్న నెంబరు, చివర నాలుగు అంకెలు కనపడ్డాయి. ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ అంకెలు రెండుసార్లు చదివారు. "అయ్యో, ఇది మావాడి కార్డే!" అన్నారు.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. యాప్ తీసేస్తే కార్డు తీసినట్టు కాదు. మీరు సేవ్ చేసిన కార్డు ఫోనులో కూర్చుని ఉండదు, ఆ యాప్‌లో మీ పేరు మీద ఉన్న ఖాతాలో ఉంటుంది. అదే నెంబరుతో మళ్లీ లోపలికి వెళ్తే మళ్లీ కనపడుతుంది.

అసలు లోపల ఉండేది ఏమిటి

2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలో షాపింగ్ యాప్‌లు గానీ పేమెంట్ యాప్‌లు గానీ మీ కార్డు అసలు నెంబరు దాచుకోకూడదు. ఇది రిజర్వ్ బ్యాంకు నిబంధన. అసలు నెంబరు బదులు టోకెన్ అనే మారు నెంబరు ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది. కార్డు సేవ్ చేయమని టిక్ పెట్టి ఓటీపీ కొట్టిన ప్రతిసారీ అలాంటి టోకెన్ ఒకటి పుడుతుంది. మీరు ఒకే కార్డుని నాలుగు యాప్‌లలో సేవ్ చేస్తే నాలుగు టోకెన్లు. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు.

మన కాలవలతో పోల్చి చెబుతాను. ఒక తూము మూస్తే ఆ చేనుకే నీళ్లు ఆగుతాయి, పక్క చేను తూము పారుతూనే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర తలుపులు దించితేనే కాలవంతా ఆగుతుంది. యాప్‌లో కార్డు తీయడమంటే ఒక తూము మూయడం. బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించడమంటే తలుపులు దించడం. ఫోను మనవరాలికి ఇస్తున్నప్పుడు తూములు మూస్తే చాలు. ఫోను దొంగలపాలైతే తలుపులు దించాలి. ఏ సందర్భంలో ఏది చేయాలో కలగాపులగం చేసుకోకండి.

తీసే ముందు ఒక్క పావుగంట

నేరుగా తీసేయకండి. ముందు ఆ కార్డు మీద నెలనెలా తెగే డబ్బులు ఏమున్నాయో చూసుకోండి. ఇది నాకు జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. పిల్లల కోసం ఒక వీడియో యాప్‌కి నెలకి 299 రూపాయలు తెగేలా ఆటోపే పెట్టాను. తర్వాత ఫోను మార్చినప్పుడు వాలెట్‌లోంచి కార్డు తీసేశాను, దాంతోపాటు ఇదీ ఆగిపోయిందనుకున్నాను. ఐదు నెలల తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే ఐదుసార్లూ తెగింది, మొత్తం 1,495 రూపాయలు. ప్రతిసారీ ముందురోజు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. రోజూ వచ్చే ప్రకటనల మెసేజ్‌ల మధ్యలో నేను చూడలేదు. ఆ యాప్ వాళ్లని అడిగితే, వాడుకున్నా వాడుకోకపోయినా తిరిగి ఇవ్వం అన్నారు.

ఎందుకలా జరిగిందంటే, ఆటోపే అనేది విడిగా మీరు ఇచ్చిన అనుమతి. దాన్నే మాండేట్ అంటారు. వాలెట్‌లో కార్డు ఉందా లేదా అన్నదాంతో దానికి పని లేదు. కార్డు మీద ఇచ్చిన ఇలాంటి అనుమతికి మొదటిసారి మాత్రమే ఓటీపీ అడుగుతారు, ఆ తర్వాత 15,000 రూపాయల వరకూ ఓటీపీ లేకుండానే తెగుతుంది. ఇన్సూరెన్సు ప్రీమియం, మ్యూచువల్ ఫండ్, క్రెడిట్ కార్డు బిల్లులకైతే ఆ హద్దు లక్ష రూపాయలు. డబ్బు తెగడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, వద్దనుకుంటే ఆపుకునే దారి అందులోనే ఉండాలి. కాబట్టి ఆ మెసేజ్‌లు చదవండి.

ఆపడానికి మూడు చోట్లు చూడాలి. ఒకటి, ఏ యాప్‌కి డబ్బు కడుతున్నారో ఆ యాప్‌లోనే సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేయడం. గూగుల్ ప్లే ద్వారా తీసుకున్నదైతే ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫోటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్తే అన్నీ వరసగా కనపడతాయి. రెండు, మీ బ్యాంకు యాప్‌లో లేదా నెట్ బ్యాంకింగ్‌లో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనో ఇ-మాండేట్స్ అనో ఉండే చోటు. మూడు, యూపీఐ మీద పెట్టినవైతే యూపీఐ యాప్‌లో ఆటోపే అనే భాగం. అక్కడ రద్దు చేయడానికి మీ యూపీఐ పిన్ కొట్టాలి.

రిఫండ్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. ఏదో వస్తువు వాపసు చేశాం, డబ్బు ఇంకా రాలేదు, ఇప్పుడు కార్డు తీసేస్తే ఎలా అని. కంగారు అక్కర్లేదు. రిఫండ్ వచ్చేది మీ బ్యాంకులోని కార్డు ఖాతాకి, యాప్‌లోని బొమ్మకి కాదు. అయినా ఆ ఆర్డరు నెంబరు, లావాదేవీ నెంబరు ఉన్న స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఈఎంఐ మీద కొన్నవి కూడా అంతే, కార్డు తీసినా ఈఎంఐ ఆగదు, బ్యాంకు లెక్కలో నడుస్తూనే ఉంటుంది. వాలెట్‌లో వేసుకున్న బ్యాలెన్సు కూడా కార్డు తీసినంతమాత్రాన పోదు.

ఇక తీయడం

మెనూల పేర్లు అప్పుడప్పుడు మారుస్తుంటారు, ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్లకి తెలుగులో కనపడతాయి. ఎక్కడ ఉన్నా దారి మాత్రం దాదాపు ఒకటే: మీ ఫోటో, అక్కడి నుంచి పేమెంట్ మెథడ్స్, అక్కడ కార్డు, చివరికి రిమూవ్.

గూగుల్ పేలో కుడివైపు పైన మీ ఫోటో మీద నొక్కండి. బ్యాంకు ఖాతాలు, కార్డులు ఉన్న చోటుకి వెళ్లి తీయాల్సిన కార్డు తెరవండి. పైన మూడు చుక్కలు ఉంటాయి, వాటిని నొక్కితే రిమూవ్ అని వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. బ్యాంకు ఖాతా వేరు, కార్డు వేరు. ఖాతా తీసేస్తే ఆ యాప్‌లో యూపీఐ పనిచేయడం ఆగిపోతుంది. మీకు కావలసింది కార్డు తీయడం మాత్రమే అయితే, దాని మీద కార్డు చివరి నాలుగు అంకెలు ఉన్నాయో లేదో చూసుకుని నొక్కండి. రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలిపి కిరాణా షాపుల్లో స్కాన్ చేసి వాడుతున్నవాళ్లకి అది ఖాతాల వరసలోనే ఉంటుంది, దాన్ని అక్కడే విడిగా తీయాలి.

ఫోన్‌పేలోనూ పేటీఎంలోనూ దారి దాదాపు ఇంతే. ప్రొఫైల్ మీద నొక్కి, పేమెంట్ సెట్టింగ్స్ లాంటి భాగంలో సేవ్ చేసిన కార్డులు ఎక్కడున్నాయో చూసి, కార్డు తెరిచి రిమూవ్ కొట్టండి. అమెజాన్‌లో మీ అకౌంట్‌లోకి వెళ్లి, పేమెంట్ మెథడ్స్‌లో ఆ కార్డు దగ్గర ఎడిట్ నొక్కితే తీసే బటన్ కనపడుతుంది.

చాలామంది మర్చిపోయేది ప్లే స్టోర్. ఎప్పుడో పిల్లాడు గేములో ఏదో కొనడానికి కార్డు పెట్టి ఉంటారు. ప్లే స్టోర్‌లో మీ ఫోటో, తర్వాత పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, తర్వాత పేమెంట్ మెథడ్స్, అడుగున మోర్ పేమెంట్ సెట్టింగ్స్. అది నొక్కితే బ్రౌజరులో గూగుల్ పేమెంట్స్ పేజీ తెరుచుకుంటుంది, కార్డు కింద రిమూవ్ ఉంటుంది. ఒక్కోసారి తీయనివ్వదు. ఏదో సబ్‌స్క్రిప్షన్ దాని మీద నడుస్తోందని అర్థం. ముందు అది క్యాన్సిల్ చేయండి, లేదా దానికి వేరే కార్డు ఇచ్చి తర్వాత ఇది తీయండి.

మిషన్ దగ్గర ఫోను తాకించి డబ్బు కట్టేవాళ్లు శాంసంగ్ వాలెట్ చూసుకోవాలి. యాప్ తెరిచి, కార్డు బొమ్మ మీద నొక్కి, మూడు చుక్కల్లో రిమూవ్ లేదా డిలీట్ ఎంచుకుంటే వేలిముద్ర గానీ పిన్ గానీ అడుగుతుంది. అక్కడ ఒక విషయం చూసి కంగారు పడకండి. ఇలా ఫోను తాకించి కట్టినప్పుడు బిల్లు చీటీ మీద పడే చివరి నాలుగు అంకెలు మీ ప్లాస్టిక్ కార్డు మీద ఉన్న అంకెలు కాకపోవచ్చు. ఇందాక చెప్పిన మారు నెంబరు అదే. దాన్ని చూసి "ఇదెవరి కార్డో" అని ఒకాయన బెంగపడుతూ నా దగ్గరికి వచ్చారు. వాలెట్‌లో కార్డు వివరాలు తెరిస్తే అసలు కార్డు అంకెలు, మారు నెంబరు అంకెలు రెండూ కనపడతాయి, పోల్చి చూసుకోండి.

కోనసీమ ఇళ్లలో కువైట్, దుబాయ్, ఖతార్‌లలో ఉన్నవాళ్లు లేని వీధి ఉండదు. వాళ్లు అక్కడ ఐఫోనులో ఆపిల్ పే వాడతారు, సెలవుకి వచ్చినప్పుడు ఆ పాత ఐఫోను తమ్ముడికో బామ్మర్దికో ఇచ్చి వెళ్తారు. ఇచ్చే ముందు వాళ్ల చేతే వాలెట్ యాప్ తెరిపించండి. కార్డు మీద నొక్కి, మూడు చుక్కల్లో కార్డు వివరాలకి వెళ్లి, కిందికి జరిపితే రిమూవ్ ఉంటుంది. చేతికి ఆపిల్ వాచీ పెట్టుకునేవాళ్లకి వాచీలో కార్డు వేరే ఉంటుంది, దాన్ని ఫోనులోని వాచ్ యాప్‌లో మళ్లీ విడిగా తీయాలి. మనిషి విమానం ఎక్కేశాక గుర్తొస్తే, అక్కడి నుంచే తన ఆపిల్ అకౌంట్ పేజీలోకి వెళ్లి ఆ ఫోను ఎంచుకుని కార్డులు తీసేయవచ్చు.

డిస్‌ప్లే పోయిన ఫోను

మా షాపులో అన్నిటికంటే ఎక్కువ వచ్చే సమస్య ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. రొయ్యల చెరువు మీద మేత వేస్తుంటే జారి పడిన ఫోను ఒకటి వస్తుంది. ఆన్ అవుతుంది, రింగవుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. డిస్‌ప్లే ఖర్చు వింటే కొత్త ఫోనే కొనుక్కోవచ్చనిపిస్తుంది. "ఇది నువ్వే ఉంచుకో, పార్టులకి పనికొస్తుంది" అని వదిలేసి వెళ్లబోతారు. తెర కనపడకపోయినా లోపల అన్నీ బతికే ఉన్నాయి. ఇంకో డిస్‌ప్లే తగిలిస్తే, లాక్ తెలిసినవాళ్లెవరికైనా అన్నీ కనపడతాయి. అందుకని నేను ముందు వాళ్లని కూర్చోబెట్టి ఈ పని చేయిస్తాను.

కార్డు ఫోనులో కాదు ఖాతాలో ఉందని చెప్పాను కదా, ఇక్కడ అదే మనకి కలిసొస్తుంది. పాత ఫోనులోంచి సిమ్ తీసి కొత్త ఫోనులో వేయండి. అవే యాప్‌లు వేసుకుని అదే నెంబరుతో లోపలికి వెళ్లండి. సేవ్ చేసిన కార్డులన్నీ ఇక్కడే కనపడతాయి, ఇక్కడి నుంచే తీసేయండి. గూగుల్‌లో ఉన్న కార్డుకైతే ఏ ఫోను బ్రౌజరులోనైనా మీ జీమెయిల్‌తో గూగుల్ పేమెంట్స్ పేజీ తెరిస్తే సరిపోతుంది. అలాగే గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ భాగానికి వెళ్లి, మీ డివైజుల వరసలో ఆ చచ్చిన ఫోను ఎంచుకుని సైన్ అవుట్ చేయండి. ఫోను నెట్‌కి తగిలి ఉంటే గూగుల్ ఫైండ్ సదుపాయంతో దూరం నుంచే మొత్తం తుడిచేయవచ్చు కూడా.

ఫోనుకే అతుక్కుని ఉండేది ఒక్క తాకించి కట్టే కార్డే. ఆ టోకెన్ ఆ ఒక్క ఫోనుకే పుడుతుంది. తెర లేకుండా ఆ ఫోనులోంచి అది తీయలేరు కాబట్టి బ్యాంకు వైపు నుంచి తీయించాలి, ఆ సంగతి కింద చెబుతాను.

రిపేరుకి ఇచ్చేటప్పుడు ఇంకో మాట. లాక్ ప్యాటర్న్ అందరూ వినేలా గట్టిగా చెప్పి వెళ్లిపోతారు. టెస్ట్ చేయడానికి అడగడం మా పనిలో అవసరమే, కానీ ఇచ్చే ముందు మీ పేమెంట్ యాప్‌లకి వేరే లాక్ పెట్టుకోండి. నేనే కాదు, ఏ షాపువాడైనా మంచివాడే కావచ్చు, అయినా మీ జాగ్రత్త మీకుండాలి.

ఫోను పోయినప్పుడు

సఖినేటిపల్లి రేవులో పంటు దిగుతూ బండి స్టాండు తీస్తుంటే షర్టు జేబులోంచి ఫోను వశిష్ఠలోకి జారిపోయిందని ఒకాయన మర్నాడు వచ్చారు. గోదాట్లో పోయింది, ఎవరికి దొరుకుతుందిలే అని ఏమీ చేయలేదట. నీళ్లలో పడిందని ఖాయంగా తెలిస్తే అంత తొందర లేదు నిజమే, కొత్త సిమ్ తీసుకుని పైన చెప్పినట్టు కార్డులు తీసేసుకుంటే సరిపోతుంది. కానీ బస్సులోనో సంతలోనో పోయి, ఎక్కడ పోయిందో చెప్పలేకపోతే, ఒక్క గంట కూడా ఆగకండి.

ముందు పక్కవాళ్ల ఫోను తీసుకుని సిమ్ బ్లాక్ చేయించండి. ఓటీపీలు వచ్చేది ఆ సిమ్‌కే. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి, యూపీఐ కూడా ఆపమని చెప్పండి. సిమ్ డూప్లికేట్ తీసుకున్నాక చూద్దాంలే అనుకోవద్దు. కొత్తగా తీసుకున్న సిమ్‌లో మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు పనిచేయవు, మోసాలు ఆపడానికి పెట్టిన రూలు అది. అంటే ఆ రోజంతా మీకు ఓటీపీ రాదు, యాప్‌లలోకి వెళ్లలేరు. కాబట్టి ఆ రోజు చేయాల్సింది తలుపులు దించడమే.

తర్వాత ఇంకో ఫోనులో మీ గూగుల్ అకౌంట్ తెరిచి పోయిన ఫోనుకి లాక్ వేయండి, దొరకదనుకుంటే తుడిచేయండి. ఐఫోనైతే ఫైండ్ మై అనే యాప్‌లో లాస్ట్ అని మార్క్ చేస్తే ఆపిల్ పే కార్డులు వాటంతటవే ఆగుతాయి. ఆ పైన పోలీసు స్టేషన్‌లో కంప్లయింటు ఇచ్చి, ఆ కాపీతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులో, పోయిన ఫోన్లు ఆపించే సీఈఐఆర్ భాగంలో ఫోను ఐఎంఈఐ నెంబరు, అంటే ప్రతి ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు నెంబరు, బ్లాక్ చేయించవచ్చు. ఐఎంఈఐ ఫోను డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. అందుకే డబ్బాలు పారేయకండి.

డబ్బు కూడా పోయిందని తెలిస్తే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకి దేశమంతటికీ అదే నెంబరు. బ్యాంకుకి కూడా అదే రోజు చెప్పి కంప్లయింటు నెంబరు రాసుకోండి. తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాకుండా బయటివాళ్ల వల్ల జరిగి, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు మీరు చెబితే, నష్టం మీ మీద పడకూడదని 2017 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. నాలుగో రోజు నుంచి మీ వాటా మొదలవుతుంది. ఓటీపీ, పిన్ మీరే ఎవరికైనా చెప్పేసి ఉంటే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మీకే పడుతుంది.

బ్యాంకుకి ఏ నెంబరు మీద చేయాలి? కార్డు వెనకాల ఉంటుంది. దాన్ని ఇప్పుడే ఇంట్లో క్యాలెండరు మీదో పాస్‌బుక్కులోనో రాసి పెట్టుకోండి. కార్డు ఫోటో తీసి ఫోనులో పెట్టుకోవద్దు, వెనకాల ఉన్న మూడంకెల నెంబరు కూడా అందులో పడుతుంది. కస్టమర్ కేర్ నెంబరు కోసం నెట్‌లో వెతకడం అన్నిటికంటే ప్రమాదం. దొంగలు తమ నెంబర్లే బ్యాంకు నెంబర్లన్నట్టు పెట్టి కూర్చుంటారు.

అలాగే, "మీ వాలెట్‌లో కార్డు ఎక్స్‌పైర్ అయింది, మేం తీసేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేయండి. వాళ్లు వేయమనేది మీ స్క్రీన్ వాళ్లకి చూపించే యాప్. కార్డు పెట్టడానికి ఓటీపీ కావాలి గానీ, తీయడానికి దాదాపు ఎక్కడా ఓటీపీ అక్కర్లేదు, మీ ఫోను లాకో యాప్ పిన్నో సరిపోతుంది. కార్డు తీయడానికి ఓటీపీ చెప్పమని అవతలి మనిషి అడిగాడంటే వాడు తీసేది మీ డబ్బే.

నిజంగా పోయిందా లేదా చూసుకోవడం

ఒక్కో యాప్‌లో తీసుకుంటూ వచ్చాక, ఇంకా ఎక్కడైనా మిగిలిందేమోనన్న అనుమానం ఉంటుంది. దీనికి మంచి దారి ఉంది, చాలామందికి తెలియదు. మీ కార్డు టోకెన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించి, వద్దన్నవాటిని తీసేసే సదుపాయం బ్యాంకే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2021లోనే చెప్పింది. బ్యాంకు యాప్‌లో కార్డుల భాగం తెరిచి, టోకెన్ అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఎప్పుడో మర్చిపోయిన షాపింగ్ యాప్, రైలు టికెట్ల యాప్, పాత ఫోను, అన్నీ అక్కడ పేర్లతో సహా బయటపడతాయి. అక్కర్లేనివన్నీ అక్కడే తీసేయండి. తెర పగిలిన ఫోనులో చిక్కుకున్న తాకించి కట్టే కార్డు సంగతి కూడా బ్యాంకు కస్టమర్ కేర్‌కి చెప్పి తీయించవచ్చు. బ్యాంకు యాప్ వాడనివాళ్లు బ్రాంచికి వెళ్లి అడగండి. తీయడానికైనా పెట్టడానికైనా కస్టమరు దగ్గర డబ్బు తీసుకోకూడదు.

అంబాజీపేట పిన్నిగారి విషయంలో మేం చేసింది అదే. కార్డు వాళ్లబ్బాయిది కాబట్టి చివరి మాట అతని దగ్గరే ఉంది. మా షాపులోంచే వీడియో కాల్ చేశాం. అక్కడ డ్యూటీ మధ్యలో ఉన్నాడు, రెండు నిమిషాల్లో తన బ్యాంకు యాప్ తెరిచి చూసి, "అమ్మా, నీ ఫోనులో తీసింది ఇక్కడా పోయింది, కానీ ఇంకో రెండు కనపడుతున్నాయి" అన్నాడు. ఒకటి అతనే ఎప్పుడో వాడిన టికెట్ల యాప్. రెండోది పోయినేడు పాడైపోయిన అతని పాత ఫోను. రెండూ అక్కడే తీసేశాడు. "మరి ఇకనుంచి కరెంటు బిల్లు ఎలాగరా?" అన్నారు పిన్నిగారు. నెలకింత అని మీ ఖాతాలోకే పంపమనండి, మీ యూపీఐతో మీరే కట్టుకోండి అని నేను చెప్పాను. ఒకరి కార్డు ఇంకొకరి ఫోనులో పెట్టి, ప్రతిసారీ ఓటీపీ వాట్సాప్‌లో అడిగి తెప్పించుకోవడం కంటే ఇది ఎంతో నయం.

ఆఖరికి ఫోను రీసెట్. ఇదీ వరస తప్పకుండా చేయాలి. ముందు కార్డులు తీయండి, తర్వాత యాప్‌లలోంచి లాగవుట్ అవ్వండి, తర్వాత సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ తీసేయండి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. అకౌంట్ తీయకుండా రీసెట్ కొడితే ఫోను తిరిగి తెరిచినప్పుడు పాత జీమెయిల్, పాస్‌వర్డు అడగవచ్చు, తీసుకున్నవాళ్లు దాంతో తంటాలు పడతారు. సిమ్ తీశారా, మెమరీ కార్డు తీశారా చూసుకోండి. మెమరీ కార్డు మర్చిపోయి వెళ్లినవాళ్లవి నా సొరుగులో ఇప్పటికి రెండున్నాయి.

గడువు తీరి కొత్త కార్డు వచ్చినందుకే పాతది తీస్తున్నట్టయితే, కొత్తది వాలెట్‌లో పెట్టి ఒక చిన్న మొత్తం కట్టి చూసుకున్నాక పాతది తీయండి. పాత ప్లాస్టిక్ కార్డుని అలాగే చెత్తలో వేయకండి. కత్తెరతో చిప్పు మధ్యలోంచి ఒకసారి, వెనక నల్ల పట్టీ మీదుగా ఒకసారి, నెంబరు మీదుగా ఇంకోసారి కత్తిరించి, ముక్కలు వేరు వేరు రోజుల్లో పారేయండి.